బాపు నడక

మా బాపు వస్తున్నాడంటే గల్లీలో వాళ్ళకు చూడకుండానే తెలిసేది. అందరికీ నడకలో ముందు మడమ నేలకు ఆనుతుంది. ఆయనకు ముందు వేళ్ళ వైపు పడేది, టప్ అని. ఆ తర్వాతే మడమ. పాదం కిందికి వేలాడిపోతుంది కాబట్టి మోకాళ్ళు బాగా పైకెత్తి, నీళ్ళలో నడిచే మనిషిలా అడుగు వేసేవాడు. సైదాబాద్‌లో మేం అద్దెకున్న ఇల్లు గల్లీ చివర. ఆ చప్పుడు విని అమ్మ స్టవ్ మీద చాయ్ గిన్నె పెట్టేది.

ఆయన కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పని చేసేవాడు. పొద్దున సైకిల్ మీద వెళ్ళి సాయంత్రం సైకిల్ మీద వచ్చేవాడు. సైకిల్ ఎక్కితే ఆయనకూ పక్కవాళ్ళకూ తేడా ఉండేది కాదు. దిగితేనే కష్టం. పాత సైకిల్ ట్యూబును రెండు వేళ్ళ వెడల్పున కోసి, ఒక కొస బూటు లేసులకు కట్టి, రెండో కొసను మోకాలి కింద బిగించిన పట్టీకి తగిలించేవాడు. పాదం జారకుండా ట్యూబు పైకి లాగి పట్టుకునేది. ప్యాంటు లోపల అది ఎవరికీ కనిపించదు. ఎండాకాలంలో దాని కింద చర్మం ఉడికి పుండు పడేది. అమ్మ కొబ్బరినూనె రాస్తుంటే ఆయన గోడ వైపు చూస్తూ కూర్చునేవాడు.

ఎవరడిగినా "చిన్నప్పుడు పోలియో వచ్చింది" అనేవాడు. మేమూ అదే నమ్మాం. బహుశా ఆయన కూడా.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు టిఫిన్ డబ్బా ఇంట్లో మరిచిపోయాను. మధ్యాహ్నం బాపు ఫ్యాక్టరీలో గంట పర్మిషన్ అడిగి డబ్బా పట్టుకుని బడికి వచ్చాడు. సైకిల్ గేటు బయట పెట్టి, ఆ పెద్ద మైదానం దాటుకుంటూ మా వైపు నడిచి వస్తున్నాడు. పిల్లలంతా చూస్తున్నారు. నా పక్కనున్న అమ్మాయి "ఎవరే ఆయన?" అంది.

"మా పక్కింటాయన" అన్నాను.

అప్పటికే ఆయన దగ్గరికి వచ్చేశాడు. విన్నాడో లేదో నేను ఎప్పుడూ అడగలేదు. డబ్బా నా చేతికిచ్చి, "తిను బిడ్డా, సల్లగైతది" అని వెనక్కి తిరిగాడు. ఆ తర్వాత నేను చదివినన్నాళ్ళూ బడి గేటు దాటి లోపలికి రాలేదు.

*

ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి నేను మొఘల్‌పురాలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచర్‌ని. ఇళ్ళల్లో ఉర్దూ మాట్లాడే ఆడపిల్లలకు రెండో భాషగా తెలుగు చెప్పడం నా పని. ఆ బడిలో తెలుగుకు నేనొక్కదాన్నే. స్టాఫ్ రూంలో మిగతావాళ్ళ మాటలన్నీ ఉర్దూలో సాగేవి. నాకూ వచ్చు కాబట్టి కలిసేదాన్ని.

ఒకరోజు ఎనిమిదో తరగతి నుంచి బయటికి వస్తుంటే వెనకనుంచి ఒక పిల్ల పరిగెత్తుకొచ్చింది. "టీచర్, మీ చెప్పు క్లాసులోనే రహ్ గయా!" అంది. చూసుకుంటే నా ఎడమ కాలికి చెప్పు లేదు. చెప్పు ఊడిపోయినట్టు, నేను వట్టి కాలితో వరండా అంతా నడిచి వచ్చినట్టు నా పాదానికి తెలియలేదు. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ నెలలోనే మెట్ల మీద పడ్డాను. చేతిలో ఉన్న జవాబు పత్రాలు పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా పరుచుకున్నాయి. చీలమండ నిమ్మకాయంత వాచింది. అంతకుముందు నాలుగుసార్లు అదే కాలు బెణికింది, చెప్పులు మార్చాను, కాటన్ చీరలు మానేశాను, రోడ్డును తిట్టుకున్నాను. ఈసారి హెడ్‌మిస్ట్రెస్ ఊరుకోలేదు. "నరాల డాక్టర్‌కు చూపించుకోండి, ఇది చెప్పుల సంగతి కాదు" అంది.

ఆ డాక్టరమ్మ నన్ను మడమల మీద నిలబడమంది. నిలబడలేకపోయాను. నా పాదాల కింది ఎత్తైన వంపునూ, ముడుచుకున్న వేళ్ళనూ, సన్నబడ్డ పిక్కలనూ చాలాసేపు చూసింది. కాళ్ళకు కరెంటు పెట్టి నరాల పరీక్ష చేయించింది. తర్వాత అడిగింది, "ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

"మా బాపుకు పోలియో ఉండేది."

"రెండు కాళ్ళూ ఒకేలా ఉండేవా?"

"అవును."

"వయసు పెరిగే కొద్దీ ఎక్కువైందా?"

"అవును."

"అయితే అది పోలియో కాదమ్మా" అంది. ముగ్గురు డాక్టర్ల పేర్లు కలిపిన ఒక పొడవాటి పేరు చెప్పింది. చివరి పేరు ఇంగ్లీషులో పన్ను అన్నట్టు వినిపించి, పంటి జబ్బేమో అనుకున్నాను. కాళ్ళ నరాలు మెల్లమెల్లగా బలం పోగొట్టుకునే జబ్బట, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుందట, నాకున్న రకంలో ప్రతి బిడ్డకూ సగం సగం అవకాశమట. మందు లేదు. ప్రాణానికి భయం లేదు. "పడకుండా చూసుకోవాలి. పాదాన్ని పట్టి నిలిపే బ్రేసులు వేసుకోండి, వ్యాయామం చేయండి" అంది.

గదిలోంచి బయటికి వస్తే వరండా ఖాళీగా ఉంది. నాపరాళ్ళ నేల. నడుస్తుంటే చప్పుడు వినిపించింది. టప్, ఆ తర్వాత మడమ. ఎన్నాళ్ళ నుంచి అలా నడుస్తున్నానో తెలియదు. బడిలో పిల్లల గోలలో నా నడక నాకు వినిపించలేదు. అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. బాపు పోయి అప్పటికి ఏడేళ్ళు. అమ్మ పోయి రెండేళ్ళు. పెళ్ళి సంబంధాలు కొన్ని వచ్చాయి, కొన్ని పోయాయి, నేను అలాగే మిగిలిపోయాను. ఈ సంగతి చెప్పడానికి నాకు అన్న ఒక్కడే ఉన్నాడు.

అన్న నాకంటే నాలుగేళ్ళు పెద్ద. కంచన్‌బాగ్ వైపు ఇల్లు కట్టుకుని, కింద కరెంటు సామాన్ల దుకాణం పెట్టుకున్నాడు. ఎండాకాలంలో కూడా చీలమండల పైదాకా వచ్చే బూట్లు వేసుకుంటాడు. పక్క వీధికి కూడా స్కూటర్ మీదే వెళ్తాడు. నేను చెప్పింది అంతా విని, "బాపుది పోలియో. అందరికీ తెలుసు. డాక్టర్లకేంది, ఏదో ఒకటి చెప్తరు" అన్నాడు. కౌంటర్ దగ్గరికి ఎవరో వచ్చి బల్బు అడిగితే అటు తిరిగాడు.

*

మొదట మందుల షాపులో దొరికే సాగే గుడ్డ పట్టీ కొనుక్కున్నాను. సాక్సులా తొడుక్కోవడమే. వెచ్చగా, ఎవరో పట్టుకున్నట్టు ఉండేది. అంతకుమించి ఏమీ చేయలేదు. పాదం ఎప్పటిలాగే వేలాడేది, చీలమండ ఎప్పటిలాగే పక్కకు తిరిగేది.

బడికి అయిదు నిమిషాల దూరంలో, గాజుల దుకాణాల వెనక గల్లీలో బలం లేని కాళ్ళకు ఊతంగా కట్టే క్యాలిపర్లు చేసే ఒక చిన్న వర్క్‌షాపు ఉంది. పన్నెండేళ్ళుగా ఆ బోర్డు కిందనుంచే నడిచి వెళ్తున్నాను, ఒక్కసారీ చదవలేదు. లోపల అరవై దాటిన ముసలాయన, తెల్లటి పౌడర్ అంటిన చేతులతో కూర్చుని ఉన్నాడు. గోడ పొడుగునా ప్లాస్టర్‌తో చేసిన కాళ్ళు నిలబెట్టి ఉన్నాయి. ఒకప్పుడు పోలియో పిల్లలకు ఇనుప కడ్డీల క్యాలిపర్లు చేసేవాడట, ఇప్పుడు ప్లాస్టిక్ పని. అందరూ చాచా అంటే నేనూ చాచా అన్నాను.

డాక్టర్ చీటీ చూసి పక్కన పెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఇంట్ల చెప్పుల్లేకుండ తిరుగుతరా టీచరమ్మా?"

"తిరుగుతాను."

"గుడికో, చర్చికో పోతరా? ఆడ ఇడుస్తరా?"

"చర్చికి. బయటే విడుస్తాం."

"నేల మీద కూసుంటరా? బాత్రూం ఎట్లది, కుర్చీదా, కింద కూసునేదా? బడిల మెట్లెన్ని?"

ఆస్పత్రిలో ఇవేవీ ఎవరూ అడగలేదు. నేను చెప్తుంటే తల ఊపుతూ విన్నాడు. తర్వాత బల్ల మీద ఒక్కొక్కటే పెట్టి చూపించాడు. లేసులు, అడ్డపట్టీలు ఉన్న గట్టి గుడ్డ బ్రేసు చీలమండ పక్కకు తిరగకుండా ఆపుతుంది, కానీ పాదాన్ని పైకి లేపదు. పిక్క వెనకనుంచి పాదం కిందికి వచ్చే పలచటి ప్లాస్టిక్ పట్టీ పాదాన్ని లేపుతుంది, కానీ పక్కకు తిరిగితే ఆపలేదు. పిక్కనూ చీలమండనూ రెండు వైపులా కప్పేసే మందపాటిది అన్నీ ఆపుతుంది, మెట్లు దిగేటప్పుడు మాత్రం కాలు కొయ్యలా ఉంటుంది. దానికే చీలమండ దగ్గర కీలు పెట్టింది ఇంకొకటి. చివరగా బీరువాలోంచి నల్లటిది తీశాడు. కార్బన్‌ది. చేతిలో పెడితే అప్పడమంత బరువుంది.

"ఇది మస్తు మంచిది. స్ప్రింగ్ లెక్క తోస్తది. కానీ బయటి దేశం మాల్, మస్తు పిరం. మీ పాదం వొంపుకు కూడా సరిగ కూసోదు. ప్లాస్టిక్ అయితే వేడి చేసి ఒరుసుకున్న కాడ వంచుత. దీన్ని వంచలేం."

నేను పలచటి పట్టీ చూపించాను. "ఇది చీర కింద కనిపించదు కదా?"

"కనిపియ్యది. కానీ" అని నా చీలమండ తట్టి, "మీ గిలక పక్కకు పడుతున్నది. కీలు పెట్టింది చేస్త, అది మంచిగ పట్టుకుంటది."

"ఇదే చేయండి చాచా."

ఆయన వాదించలేదు. తడి ప్లాస్టర్ గుడ్డ నా కాలికి చుట్టి, అది గట్టిపడేదాకా పాదాన్ని నిటారుగా రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు. ప్లాస్టర్ మెల్లగా వెచ్చబడింది. ఆయన కిటికీ వైపు చూస్తూ ఏదో ఆలోచిస్తున్నాడు. అమ్మ పోయాక నా పాదాలను పట్టుకున్న మనిషి ఆయనేనని నాకు అప్పుడు తట్టింది. కళ్ళు చెమ్మగిల్లాయి. ఆయన చూడలేదు, చూసినా చూడనట్టే ఉన్నాడు.

రెండు నెలలు తిరక్కుండానే పలచటి పట్టీతోనే, బడి గేటు ముందు, చీలమండ లోపలికి తిరిగి పడ్డాను. మోచేయి చీరుకుపోయింది. మళ్ళీ వెళ్తే చాచా "నేను చెప్పలేదా" అనలేదు. "ఫికర్ నక్కో. ఈసారి కీలుది చేద్దాం" అని ప్లాస్టర్ నానబెట్టాడు.

రెండు కాళ్ళకూ కొత్తవి వచ్చాయి. మోకాలి కింది దాకా తెల్లటి ప్లాస్టిక్, మూడు పట్టీలు, చీలమండ దగ్గర కీలు. లోపల పొడుగు సాక్సులు. పైన ఒక నంబరు పెద్ద సైజు మగవాళ్ళ స్పోర్ట్స్ బూట్లు, ఎందుకంటే ఆడవాళ్ళ బూట్లలో ఆ వెడల్పు దొరకలేదు. మొదటి వారం రోజుకు గంట, రెండు గంటలే వేసుకోమన్నాడు. విప్పగానే చర్మం చూసుకోమన్నాడు. "మీకు స్పర్శ తక్కువ. పుండు పడ్డా తెల్వదు. ఎర్రమచ్చ అర్ధగంటకు పోకపోతే నా దగ్గరికి రావాలె, మీరే కోసుడు, రుద్దుడు చెయ్యొద్దు." రెండుసార్లు వెళ్ళాను. ఒరుసుకునే చోట వేడి చేసి కాస్త బయటికి వంచి ఇచ్చాడు. ఇంట్లో వాడుకోవడానికి పాత పలచటి పట్టీ కింద పలుచని రబ్బరు షీటు అతికించి ఇచ్చాడు, బూటు లేకుండా బండల మీద జారకుండా నడవడానికి.

నడక నిలకడైంది. చప్పుడు పోయింది. పడటం మానేశాను. అంత సుఖం నాకు ఎన్నో ఏళ్ళుగా లేదు. కానీ దాంతో పాటు ఇంకొకటి జరిగింది. అదివరకు నేను తరచూ పడే మనిషినే తప్ప రోగిని కాదు. ఇప్పుడు అందరికీ కనిపించే రోగిని. బడి అయ్యాక గాజులు కొనడానికీ, చున్నీలకు రంగు వేయించడానికీ వెళ్ళే టీచర్లు నన్ను పిలవడం మానేశారు. చెడ్డ ఉద్దేశంతో కాదు. "మీకు ఇబ్బంది కదా మేడం" అనేవాళ్ళు. నాతో నడిచేవాళ్ళు మరీ మెల్లగా నడిచేవాళ్ళు, లేకపోతే మాటల్లో పడి ముందుకు వెళ్ళిపోయి వెనక్కి తిరిగి చూసి నొచ్చుకునేవాళ్ళు.

చర్చిలో మేం చెప్పులు మెట్ల దగ్గర విడిచి లోపల చాపల మీద కూర్చుంటాం. నేను మెట్టు మీద కూర్చుని బూట్ల లేసులూ మూడు మూడు ఆరు పట్టీలూ విప్పేసరికి మొదటి పాట అయిపోయేది. అవి లేకుండా గోడ పట్టుకుని లోపలికి పోవాలి. పాస్టరుగారు "బూట్లతోనే రండమ్మా, దేవుడేమీ అనుకోడు" అన్నారు. వెనక నాకోసం ప్లాస్టిక్ కుర్చీ వేయించారు. అందరూ కింద, నేనొక్కదాన్నే పైన. ముందు వరసల్లో ఆడవాళ్ళ జడలూ, వాళ్ళ ఒళ్ళో పిల్లలూ కనిపించేవి. ప్రార్థనలో ఒకామె నా కాళ్ళ గురించి గట్టిగా ఏడుస్తూ వేడుకుంది. తర్వాతి ఆదివారం జ్వరమని వెళ్ళలేదు. మెల్లగా నెలకొకసారి అయింది.

*

ఇన్ని మారినా మారనిది ఒకటి ఉండేది. శనివారం సాయంత్రం అన్న కూతురు వచ్చేది. డిగ్రీ అయిపోయింది, కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతోంది. రాత పరీక్ష మొదటి మెట్టు దాటింది. పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ మిగిలాయి. కంచన్‌బాగ్ దగ్గర ఒక మైదానంలో పొద్దున్నే పరిగెత్తేది. నా దగ్గరికి తెలుగు వ్యాకరణం కోసమని వచ్చేది, చాలాసార్లు తిని, కబుర్లు చెప్పి, పుస్తకం తెరవకుండానే వెళ్ళేది. నా బ్రేసులు ముట్టుకుని చూసిన మనిషి ఇంట్లోవాళ్ళలో అదొక్కతే. "రోబో లెక్కున్నవ్ అత్తమ్మా" అని నవ్వించేది.

ఒక శనివారం అది గడప దగ్గర బూట్లు విడిచి లోపలికి వెళ్ళింది. నేను వాటిని పక్కకు పెడుతూ అడుగుభాగం చూశాను. రెండు బూట్లకూ బయటి అంచు మాత్రమే అరిగి పోయింది. లోపలి అంచు కొత్తదానిలా ఉంది. నా పాత చెప్పులన్నీ అలాగే అరిగేవి.

లోపల అది మంచం మీద కాళ్ళు చాపుకుని చీలమండకు స్ప్రే కొట్టుకుంటోంది. "మళ్ళీ బెణికింది అత్తమ్మా. ఈ నెలల మూడోసారి." దాని పాదం కింద వంపు ఎత్తుగా ఉంది. బొటనవేలి పక్క రెండు వేళ్ళు అప్పుడే ముడుచుకోవడం మొదలుపెట్టాయి. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి చూస్తున్న పాదాలు. ఎప్పుడూ చూడలేదన్నమాట.

ఆ రోజు ఏమీ అనలేదు. వారమంతా దాన్ని గురించే ఆలోచించాను. పరుగు పరీక్షకు ఇంకా మూడు వారాలున్నాయి. చెప్తే దాని ధైర్యం పోతుందేమో. చెప్పకపోతే మైదానంలో పడి ఎముక విరుగుతుందేమో. పరీక్ష అయ్యాక చెబుదామా అంటే, నాకు ఇరవై ఏళ్ళప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే ఎన్నిసార్లు పడకుండా ఉండేదాన్నో కదా అనిపించింది. తర్వాతి శనివారం చెప్పేశాను. బాపు సంగతి, నా సంగతి, బూట్ల అంచుల సంగతి. డాక్టర్‌కు చూపించుకుందామని, చీలమండలకు లేసుల బ్రేసు కట్టుకుంటే పరుగుకు ఊతంగా ఉంటుందేమో అడుగుదామని.

అది కాళ్ళు చీర కిందికి లాక్కున్నట్టు మంచం మీద ముడుచుకుని కూర్చుంది. "గిప్పుడే ఎందుకు చెప్పినవ్ అత్తమ్మా?" అంది. దాని గొంతులో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. బూట్లు వేసుకుని, తినకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున అన్న వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఏం చెప్పినవ్ నా బిడ్డకు?"

"దాని కాళ్ళు చూసినవా అన్నా?"

"దాని కాళ్ళకేమైంది? మస్తు ఉరుకుతున్నది. రాత్రి నుంచి ఏడుస్తున్నది నీ మాటలకు."

"ఒక్కసారి డాక్టర్‌కు సూపెడుదాం. గిలకలకు కట్టుకునే బెల్టులు ఉన్నయి..."

"బెల్టులు కట్టుకొని పోలీసు పరీక్షకు పోతరా ఎవరన్నా? ఆడ సూసినోళ్ళు ఏమనుకుంటరు?"

"పరీక్ష ఒకటి పోతే ఇంకోటి వస్తది అన్నా. దానికి ఉన్నదంటే ఇప్పుడే..."

"ఉన్నదంటే?" అన్నాడు.

దానికి ఉందంటే అది ఆయన ద్వారానే వచ్చి ఉండాలి. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసని ఆ నిమిషంలో నాకు అర్థమైంది. ఆయన తన బూట్ల వైపు చూసుకుని, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"బాపుది పోలియో" అన్నాడు మళ్ళీ. "నీది నీకు వచ్చింది. దాన్ని నా ఇంటికి తేకు."

మెట్లు దిగేటప్పుడు రెయిలింగు రెండు చేతులా పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగాడు. నేను పైనుంచి చూస్తూ నిలబడ్డాను. పిలవాలనిపించింది. పిలవలేదు.

*

పరుగు పరీక్ష ఫలితం నాకు వదినె ఫోన్‌లో చెప్పింది. అన్న ఇంట్లో లేని సమయం చూసి చేసింది. పరుగు సమయానికి పూర్తి చేసిందట. షాట్‌పుట్ కూడా అయిందట. లాంగ్ జంప్ మూడు ప్రయత్నాల్లోనూ గీత దాకా పోలేదట. "కాలు తోస్తలేదు మమ్మీ, నేల నన్ను ఇడుస్తలేదు అన్నది" అని చెప్పి వదినె ఏడ్చింది. "కొన్ని దినాలు ఫోన్ చెయ్యకు. ఆయన నీ మాట ఎత్తితే లేచిపోతుండు."

నేను చెప్పడం వల్ల పిల్ల మనసు కుంగి దూకలేకపోయిందా, కాళ్ళే సహకరించలేదా? ఇప్పటికీ నాకు తెలియదు. రెండూ అయి ఉండొచ్చు. చెప్పిన సమయం తప్పేమో అని మాత్రం ఆ ఏడాదంతా అనుకున్నాను.

శనివారాలు పొడుగైపోయాయి. బడి నుంచి వచ్చి బ్రేసులు విప్పి, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని మచ్చలు చూసుకుంటూ, కింద గల్లీలో స్కూటర్ ఆగితే చెవి అటు వేసేదాన్ని. పోల్చుకోవడం సులువే. అన్న స్కూటర్ చప్పుడు వేరు. అది కాదు. డిసెంబరులో బాల్కనీకి నక్షత్రం కట్టాను. ప్రతి ఏడూ క్రిస్మస్‌కు వాళ్ళు ముగ్గురూ నా దగ్గర తినేవాళ్ళు. ఆ ఏడు కూడా చేతి అలవాటు కొద్దీ నలుగురికి సరిపడా గరిజెలు చేశాను. చేశాక చూసుకుని, డబ్బాలో పెట్టి, సెలవులయ్యాక బడికి పట్టుకుపోయాను. పిల్లలు అర గంటలో ఊడ్చేశారు. చాచాకు ఓ పొట్లం ఇచ్చాను. ఎడమ బ్రేసు పట్టీ తెగితే కొత్తది వేయించడానికి వెళ్ళినప్పుడు, "ఇంట్ల అంత ఖైరియతేనా?" అని అడిగాడు. "ఖైరియతే చాచా" అన్నాను. ఆయన పట్టీ కుట్టడం ఆపి ఒకసారి నా ముఖం చూశాడు, మళ్ళీ సూది అందుకున్నాడు.

ఆ మాటకు వస్తే, ఆ రోజుల్లో వారం మొత్తంలో నేను నిండుగా మాట్లాడిన మనిషి చాచా ఒక్కడే. బ్రేసు బాగానే ఉన్నా ఏదో ఒక వంక పెట్టుకుని వెళ్ళేదాన్ని.

ఎండలు ముదిరాక, బడికి సెలవులిచ్చిన మొదటి వారంలో, మధ్యాహ్నం తలుపు కొట్టిన చప్పుడైంది. మేనకోడలు. చెమటతో తడిసిపోయి ఉంది. బూట్లు కాదు, చెప్పులు వేసుకుంది. వాటిని గడప దగ్గర విడిచి లోపలికి వచ్చి, నీళ్ళు తాగి, మంచం మీద కూర్చుంది.

"అత్తమ్మా, బూట్లు ఒక నంబరు పెద్దవి తీసుకోవాల్నా, రెండు నంబర్లా?" అంది.

"దేనికి?"

"గిలక బ్రేసుకు." గ్లాసు పక్కన పెట్టి, "డాక్టర్‌కు సూపెట్టుకున్న. నేనే పోయిన. నరాల టెస్టు చేసిండ్రు" అంది. బ్యాగులోంచి కాగితం తీసి నా ఒళ్ళో పెట్టింది. నేను చదవనక్కర్లేదు. అయినా చదివాను.

"డాడీకి సూపెట్టినవా?"

"సూపెట్టిన. మొత్తం సదివిండు. మడతపెట్టి ఫ్రిజ్ మీద పెట్టిండు."

మర్నాడు దాన్ని చాచా దగ్గరికి తీసుకెళ్ళాను. గోడ పొడుగునా నిలబెట్టిన కాళ్ళను చూసి దాని ముఖం పాలిపోయింది. చాచా మడమల మీద నిలబడమన్నాడు. ఒక్క క్షణం నిలబడి ముందుకు తూలింది. నా భుజం పట్టుకుంది.

"నీకు మీ అత్తమ్మ లాంటిది ఇప్పుడే అక్కర లేదు బిడ్డా" అన్నాడు. "పాదం లేస్తున్నది ఇంకా. పక్కకు పడుడు ఆపితే సాలు." లేసుల బ్రేసులు రెండు తీశాడు. పాదం కొలత తీసుకుని, బూటు లోపల బయటి అంచు వైపు కొంచెం ఎత్తుగా ఉండే మెత్త చేసి ఇస్తానన్నాడు. "ఏడాదికోసారి సూపెట్టాలె. కాలు మారితే బ్రేసు మారుతది."

అది బ్రేసులు కట్టుకుని వర్క్‌షాపులో అటూ ఇటూ నడిచింది. తర్వాత అడిగింది, "ఇవి ఏసుకొని పోయిన ఏడాది దుంకితే నాకు గీత అందేదా చాచా?"

చాచా నా వైపు చూడలేదు. "ఇవి నిన్ను పడకుండ పట్టుకుంటయి బిడ్డా. దుంకే బలం ఇయ్యవు. అబద్ధం ఎందుకు చెప్పాలె?"

అది తల ఊపింది. ఆ సాయంత్రం నా ఇంట్లో ఏడ్చింది. నాతో కాదు, వంటింట్లో కుళాయి తిప్పుకుని. నేను వెళ్ళలేదు. బయటికి వచ్చాక అన్నం పెట్టాను, తింది. ఆఫీసు ఉద్యోగాల పరీక్షకు చదువుతానని, తెలుగు వ్యాకరణం నిజంగానే చెప్పాలని అంది.

ఇప్పుడు మళ్ళీ వస్తోంది, ప్రతి శనివారం కాదు, కుదిరినప్పుడు. పాత చనువు ఇంకా పూర్తిగా రాలేదు. నా కాళ్ళ వైపు చూసేటప్పుడు అది ముందులా నవ్వదు. తనకు ముందు ముందు ఏం జరగబోతోందో అక్కడ చూసుకుంటుంది. అది నాకు తెలుస్తుంది. ఏం చేయను? బ్రేసుల మీద చీర కుచ్చిళ్ళు సర్దుకుంటాను.

మొన్న ఒక సాయంత్రం దాన్ని అన్న స్కూటర్ మీద దింపాడు. ఏడాది దాటాక ఆయన మా గల్లీలోకి రావడం అదే. నేను బాల్కనీలోంచి చూసి కిందికి దిగి వెళ్ళాను. మేనకోడలు చాయ్‌కు పాలు పెడతానని పైకి వెళ్ళింది. అన్న స్కూటర్ ఆపలేదు, ఇంజను నడుస్తూనే ఉంది. బూట్లు కొత్తవి, ఇంకా ఎత్తైనవి. గడ్డం నెరిసింది.

"పైకి రా అన్నా, చాయ్ తాగి పోదువు" అన్నాను.

ఆయన మా మెట్ల వైపు చూశాడు. నిటారుగా ఉంటాయి మా మెట్లు, పద్దెనిమిది.

"దుకాణం తెరిచి వచ్చిన చెల్లె. ఇంకోసారి వస్త."

"కిందికే తెస్త ఉండు."

"వద్దొద్దు" అన్నాడు. కానీ వెంటనే కదల్లేదు. నా బూట్ల వైపు చూస్తూ, "గవి ఎండకాలం ఉడుకుతలెవ్వా?" అని అడిగాడు.

"ఉడుకుతయి. కాటన్ సాక్సులు ఏసుకుంటే కొంచెం నయం."

"ఊఁ" అని, పాదాన్ని ఫుట్‌బోర్డు మీద ఒకసారి సర్దుకుని, గల్లీ మలుపు వైపు స్కూటర్ పోనిచ్చాడు. పైనుంచి మేనకోడలు "అత్తమ్మా, పాలు పొంగుతున్నయ్!" అని అరిచింది. నేను రెయిలింగు పట్టుకుని మెట్లు ఎక్కాను.